పనివాళ్లకు మాత్రం మినహాయింపు

2016లో మేము ఇల్లు కొన్నాం. నార్త్ కరొలైనాలో ఇళ్ల రిజిస్ట్రేషను లాయరు ఆఫీసులో అవుతుంది, దాన్ని క్లోజింగ్ అంటారు. బల్ల మీద రెండంగుళాల ఎత్తున కాయితాలు పెడతారు. చూపించిన చోటల్లా సంతకం చేసుకుంటూ పోతే గంటలో పని ముగిసి తాళాలు చేతికొస్తాయి. తెలివైనవాళ్లందరూ అలాగే చేస్తారు. నాకు మాత్రం కాయితం కనిపిస్తే చదివే పాడలవాటు. మా నాన్న నుంచి వచ్చింది. దస్తావేజు ఏదైనా సరే, నాలుగు హద్దులతో సహా పైకి చదివితే గాని ఆయన సంతకం పెట్టేవాడు కాదు.

కట్ట అడుగున పాత కాయితం జిరాక్సు ఒకటి ఉంది. 1941 నాటిది. అప్పట్లో ఇక్కడి భూమిని ప్లాట్లు వేసి అమ్మినప్పుడు కొన్నవాళ్లకి పెట్టిన షరతులవి. రోడ్డుకి ఎన్నడుగులు వదిలి కట్టాలి, ఎంత ఖరీదుకి తగ్గకుండా కట్టాలి, కోళ్లూ పందులూ పెంచకూడదు. పందుల తరవాత వరసలో మనుషులున్నారు. కాకేసియన్ జాతికి, అంటే తెల్లజాతికి, చెందనివాళ్లెవరూ ఈ స్థలాల్లో గాని, వీటి మీద కట్టిన ఇళ్లలో గాని కాపురం ఉండరాదు. వాక్యం అక్కడితో అయిపోలేదు. ఒక కామా పెట్టి, యజమాని ఇంట్లోనే ఉండి పనిచేసే ఇతర జాతి పనివాళ్లకు ఈ నిబంధన వర్తించదు అని ముగించారు.

నా వేలు ఎక్కడ ఆగిందో లాయరమ్మ చూసింది. "అది చెల్లదులెండి, ఇక్కడి పాత ఇళ్లకి చాలావాటికి ఉంటుంది" అంది. మా ఆవిడ మెడ సాచి చదివి, "ఇంతకీ వాళ్ల లెక్కలో మనం ఏంటి?" అని తెలుగులో అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. సంతకాలు పెట్టాం, తాళాలు తీసుకున్నాం, ఆ ఆదివారమే పాలు పొంగించాం.

ఆ కామా మాత్రం నన్ను వదల్లేదు.

ఆ షరతు రాసినవాడికి నల్లవాళ్లు దగ్గరికొస్తే గిట్టదు అనుకుంటే పొరపాటు. వాళ్ల చేతి వంట తింటాడు, పిల్లల్ని వాళ్ల చేతుల్లో పెడతాడు, రాత్రి గరాజ్ మీద గదిలో పడుకోనిస్తాడు. వాళ్లు పక్కింటివాళ్లు కావడమే ఆయనకి గిట్టనిది. మనకిది కొత్తగా నేర్పక్కర్లేదు. మా ఇంట్లో పాలేరు ఏ వేళనైనా పెరట్లోకి రావచ్చు, పశువుల కొట్టంలో పడుకోవచ్చు. ముందు గుమ్మం తొక్కేవాడు కాదు. ఆయన గ్లాసు విడిగా కొట్టం చూరులో ఉండేది. మేము అదేదీ కాయితం మీద రాసుకోలేదు. రాసుకోవలసిన అవసరం కలగలేదు.

ఆ షరతులో కామాకి ముందున్న ముక్కని పౌరహక్కుల పోరాటం చంపేసింది. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో షెల్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో జాతిని చూడకూడదని 1968లో చట్టమే వచ్చింది. కామాకి తరవాతున్న ముక్కని చంపాలని చూసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల పని పూర్తి కాలేదు. ఈ రెండూ వేరువేరు సంగతులనీ, మొదటిది హక్కుల సమస్య, రెండోది ఎవరి సంపాదన వాళ్లదనీ చెప్పుకోవడం నాలాంటివాళ్లకి చాలా సుఖం. ఎంత సుఖమో ముందు చెప్తాను.

*

మనవాళ్ల కథ మీకు తెలిసిందే. జేబులో ఇరవై డాలర్లు, రెండు సూట్‌కేసులు, ఒక ఆవకాయ జాడీ. అక్కణ్నుంచి కష్టపడి ఇంతవాళ్లమయ్యాం. నేనూ చాలా విందుల్లో ఇదే కథ చెప్పాను, ఆవకాయతో సహా. అందులో అబద్ధం లేదు, చెప్పకుండా వదిలేసినవి ఉన్నాయి.

1923లో భగత్ సింగ్ థిండ్ అనే ఆయన పౌరసత్వం కేసు అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు. అప్పట్లో బయటి దేశంలో పుట్టినవాళ్లకి పౌరసత్వం రావాలంటే తెల్లవాళ్లయినా కావాలి, ఆఫ్రికా సంతతివాళ్లయినా కావాలి. థిండ్ తరఫు వాదన ఏమిటంటే, తను ఆర్యుడు, అగ్రకులం, కాబట్టి కాకేసియన్. అక్కడితో ఆగలేదు. అమెరికా తెల్లవాళ్లు నల్లవాళ్లని పెళ్లి సంబంధాలకి ఎలా దూరం పెడతారో, మా అగ్రకులాలవాళ్లమూ మా దేశపు ఆదిమవాసుల్ని అలాగే దూరం పెడతాం అని కోర్టుకి రాసిచ్చారు. మమ్మల్ని మీలో కలుపుకోండి, మేమూ మీలాగే తొక్కుతాం అన్నమాట. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి నిన్ను తెల్లవాడనడు అని కోర్టు కొట్టేసింది. మా ఆవిడ ప్రశ్నకి అది జవాబు. అంతకుముందు ఎలాగో పౌరసత్వం దొరికించుకున్న కొందరు భారతీయులకి అది కూడా ఊడింది.

1946లో తలుపు కాస్త తెరిచారు. భారతీయులకి ఏడాదికి 100 వీసాలు. అసలు తలుపు తెరుచుకున్నది 1965 అక్టోబరు 3న, జాతుల వారీ కోటాల్ని ఎత్తేసిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టినప్పుడు. పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని తూచడం 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక సిగ్గుచేటుగా కనిపించింది. 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం, రెండు నెలల్లో ఇది. అలబామా రాష్ట్రంలో హక్కుల కోసం ఊరేగి, బర్మింగ్‌హామ్‌లో పోలీసు కుక్కల చేత కరిపించుకున్నవాళ్లు, సెల్మా వంతెన మీద తలలు పగలగొట్టించుకున్నవాళ్లు మార్చిన గాలిలోనే మన వీసాలు కూడా ఎగురుకుంటూ వచ్చాయి. వాళ్లకి మనం థాంక్సయినా చెప్పినట్టు నాకు గుర్తులేదు.

తలుపు తెరిచినంత మాత్రాన అందరూ లోపలికి రాలేరు. కొత్త చట్టంలో చుట్టరికం తరవాత చదువుకి పెద్దపీట వేశారు. నేను 2004లో ఎమ్మెస్‌కి వచ్చాను. బ్యాంకు లోనుకి పూచీగా నాన్న కాలవ కింద పొలం కాయితాలు పెట్టాడు. ఆ పొలం ఆయన కొన్నది కాదు, ఆయన తండ్రి కొన్నదీ కాదు. దాన్ని దున్నింది ఆ చూరులో గ్లాసు ఉన్నాయన. ఆయన కొడుకు నాకంటే రెండేళ్లు పెద్ద, లెక్కల్లో నాకంటే చురుకు. పదో తరగతి తరవాత ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. బ్యాంకువాళ్లు పూచీ ఏముంది అనడిగితే ఆ కుర్రాడు ఏం చూపిస్తాడు? భారత రాజ్యాంగం ఇద్దరికీ సమానంగానే ఉంది. పొలం కాయితం ఒక్కడికే ఉంది.

ఇక్కడ వాడే ప్రివిలేజ్ అనే మాటకి తెలుగులో ఏమనాలా అని చాలాసార్లు ఆలోచించాను. 'ప్రత్యేక హక్కు' అంటే ఏదో జీవో జారీ చేసినట్టుంది. మన ఇళ్లలో వాడే మాట ఇంకొకటుంది: పెట్టి పుట్టారు. పోయిన జన్మలో ఎవరికో పెట్టారు, ఈ జన్మలో కలిగినవాళ్ల ఇంట పుట్టారు. ఇంత తెలివైన మాట ఇంకే భాషలోనైనా ఉందేమో నాకు తెలీదు. ఉన్నది ఎక్కణ్నుంచి వచ్చిందో ఒప్పుకుంటూనే, దాని తాలూకు లెక్కని ఎవరూ తనిఖీ చేయలేని జన్మలోకి తోసేస్తుంది. పాలేరు కొడుకు పెట్టి పుట్టలేదు, పాపం. అంతే, ఫైలు మూసేశారు.

*

మా పెద్దమ్మాయిని గ్రీన్స్‌బరో మ్యూజియానికి తీసుకెళ్లాను. ఒకప్పుడు అది ఊల్‌వర్త్ దుకాణం. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్ల విద్యార్థులు తెల్లవాళ్లకి మాత్రమే వడ్డించే టిఫిన్ కౌంటరు దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఆ కౌంటరు, ఆ గుండ్రటి స్టూళ్లు ఉన్నచోటనే ఉంచారు. మా అమ్మాయికి నచ్చింది మాత్రం వేరే ముచ్చట. ఆ నలుగురూ కూర్చునే ముందు అదే దుకాణంలో వేరే కౌంటరు దగ్గర టూత్‌పేస్టు లాంటివి కొని రసీదులు జేబులో పెట్టుకున్నారు. మా డబ్బు అక్కడ చెల్లింది, పదడుగుల అవతల ఎందుకు చెల్లదు అని అడగడానికి.

"అంటే వాళ్ల దగ్గర డబ్బులున్నాయి, అయినా ఇవ్వలేదు" అంది.

అవును. డబ్బుంటే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి అనేవాళ్లకి ఆ రసీదులు చాలు. ఈ రకం మిత్రులు నాకు ఇద్దరున్నారు, ఇద్దరూ ఎర్రజెండా కింద చదువుకున్నవాళ్లే. అసలు గొడవ వర్గానిదే, జాతీ కులమూ పైపూత, ముందు కూలి రేటు పెంచండి అంటారు. వాళ్లకి నేను 1944 నాటి జీఐ బిల్లు సంగతి చెప్తాను. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి చదువు, ఇంటి రుణం, వ్యాపార రుణం. చట్టంలో జాతి మాటే లేదు, అచ్చంగా ఆర్థిక పథకం. రుణం మాత్రం ఊళ్లో బ్యాంకు ఇవ్వాలి, ప్రభుత్వం హామీ ఉంటుందంతే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. 1947లో మిసిసిపీ పట్టణాల్లో లెక్క తీస్తే అలా హామీ పొందిన 3,229 రుణాల్లో నల్ల సైనికులకి వచ్చినవి రెండు. రెండు శాతం కాదు, రెండు. ఇంటి రుణాలకి పూచీపడే ఫెడరల్ హౌసింగ్ శాఖ అయితే ఇంకాస్త ముందుకెళ్లి, మా ఇంటి కాయితంలో ఉన్నలాంటి షరతు ఉంటే మంచిదని బ్యాంకులకి తనే సలహా ఇచ్చింది. నల్లవాళ్లుండే పేటల్ని పటాల మీద ఎర్రరంగులో గుర్తుపెట్టి అక్కడ అప్పు ప్రమాదం అని రాసిన కాలం అది. హక్కు లేనివాడి చేతికి డబ్బు పథకం చేరదు.

రెండో రకం మిత్రులు చాలా ఎక్కువ. 1964లో హక్కులొచ్చాయి కదా, అరవై ఏళ్లయింది, మనం ఇరవై ఏళ్లలో పైకి రాలేదా, ఇంకా ఏమిటి అంటారు. వాళ్లకి మెంఫిస్ సంగతి చెప్పాలి.

1968 ఫిబ్రవరి 1. గ్రీన్స్‌బరో స్టూళ్ల మీద కూర్చుని సరిగ్గా ఎనిమిదేళ్లు. టెనసీ రాష్ట్రం మెంఫిస్‌లో జోరున వాన. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు తడవకుండా చెత్తలారీ వెనక తొట్టెలోకి ఎక్కారు. చెత్తని నొక్కే మిషను దానంతటదే కదిలి ఇద్దర్నీ లోపలికి లాగేసింది. ఆ లారీలు పాడైపోయాయని కార్మికులు అంతకుముందే మొత్తుకున్నారు. ఇద్దరికీ బీమా లేదు. పూర్తి టైము పనిచేసి కూడా ప్రభుత్వ సాయం మీద బతికే కుటుంబాలు ఆ కార్మికుల్లో చాలా ఉన్నాయి. అప్పటికి వాళ్లకి ఓటుంది, ఏ బస్సులో ఏ సీట్లోనైనా కూర్చునే హక్కుంది, ఏ హోటల్లోనైనా కాఫీ అడిగే హక్కుంది. ఫిబ్రవరి 12న 1,300 మంది పని మానేశారు. మెడలో వేసుకున్న అట్టల మీద జీతం ఎంత కావాలో రాయలేదు. 'నేను మనిషిని' అని రాసుకున్నారు. జీతం పెంచండి అనడానికి ఆ మాట ఎందుకు రాశారు అని ఎవరికైనా అనుమానం వస్తే, వాళ్లకి హక్కుల గొడవా కూలి గొడవా రెండని తోచలేదు కాబట్టి.

మార్చి 18న అక్కడ మాట్లాడుతూ మార్టిన్ లూథర్ కింగ్ అడిగింది కూడా అదే. హాంబర్గరూ కాఫీ కొనుక్కునే సంపాదన లేనివాడికి ఏ కౌంటరు దగ్గరైనా కూర్చోవచ్చు అన్న హక్కుతో ఏమొరిగింది? ఆయన ఏప్రిల్ 4న అదే ఊళ్లో, అదే సమ్మె కోసం వచ్చి హత్యకి గురయ్యాడు. మన పిల్లల స్కూళ్లలో 'నాకొక కల ఉంది' అన్న ఆయన ప్రసంగం గురించి చెప్తారు, మెంఫిస్‌కి ఎందుకు వెళ్లాడో చెప్పగా నేను వినలేదు. నిజానికి ఆ కల ప్రసంగం జరిగిన 1963 ఆగస్టు 28 నాటి సభ పేరే 'ఉద్యోగాల కోసం, స్వేచ్ఛ కోసం' వాషింగ్టన్ యాత్ర. ఉద్యోగాలు ముందు. రెండున్నర లక్షల మంది చేతుల్లో ఉన్న డిమాండ్లలో గంటకి రెండు డాలర్ల కనీస వేతనం ఒకటి, అప్పుడది 1.15 డాలర్లు. ఆ ప్రసంగం మొదటి సగంలో కల లేదు, చెక్కు ఉంది. దేశం నల్లవాళ్లకి రాసిచ్చిన చెక్కు ఖాతాలో సొమ్ము లేదని తిరిగొచ్చిందన్నాడు. చెక్కు బౌన్సయిన సంగతి వదిలేసి కల ఒక్కటి పట్టుకోవడం ఎవరికి హాయిగా ఉంటుందో ఆలోచించండి.

ఆ సభ వెనకున్న పెద్దాయన ఫిలిప్ రాండాల్ఫ్ రైల్వే పోర్టర్ల యూనియన్ కట్టిన మనిషి. రైలు పెట్టెల్లో పక్కలు వేసి బూట్లు తుడిచే నల్ల కార్మికుల్ని కూడగట్టి, పన్నెండేళ్లు కొట్లాడి, 1937లో పుల్‌మన్ కంపెనీ చేత ఒప్పందం రాయించుకున్నాడు. 1966లో ఆయనా, ఆ సభ ఏర్పాట్లు చూసిన బయార్డ్ రస్టిన్ కలిసి పదేళ్లలో 185 బిలియన్ డాలర్లతో దేశంలో పేదరికమే లేకుండా చేసే ప్రణాళిక ఒకటి వేశారు. నల్లవాళ్లకే కాదు, అందరికీ. వియత్నాం యుద్ధానికి డబ్బుంది, దీనికి లేకపోయింది.

ఫానీ లూ హేమర్ సంగతి చెప్పకుండా ఇక్కణ్నుంచి కదల్లేను. మిసిసిపీలో పత్తి చేలో కౌలు కుటుంబం. 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకి వెళ్లి వచ్చింది. ఆ సాయంత్రమే ఆసామి వచ్చి, నమోదు కాయితం వెనక్కి తీసుకో, లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్యి అన్నాడు. పద్ధెనిమిదేళ్లు పనిచేసిన చోటు. ఆ రాత్రే బయటపడింది. ఓటు ఆవిడ చేతిలో, ఇల్లు ఆసామి చేతిలో. మన పల్లెల్లో ఎన్నికలు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఆవిడ ఓటుహక్కు చట్టం వచ్చాక కూడా ఊరుకోలేదు, 1969లో నలభై ఎకరాలు కొని సహకార వ్యవసాయం మొదలుపెట్టింది. దానితోపాటు పందుల బ్యాంకు: ఒక్కో కుటుంబానికి ఒక ఆడపందిని ఇస్తారు, అది ఈనిన పిల్లల్లో కొన్నిటిని బ్యాంకుకి తిరిగివ్వాలి, అవి ఇంకో కుటుంబానికి వెళ్తాయి. తిండి తన చేతిలో ఉన్నవాణ్ని ఓటు వేయకుండా ఎవరూ ఆపలేరు అని ఆవిడ లెక్క. మా ఇంటి కాయితంలో పందులు పెంచకూడదన్న షరతు చూసినప్పుడల్లా నాకు ఈవిడ గుర్తొస్తుంది.

రెండూ కలిసి నడిస్తే ఏమవుతుందో కూడా ఒకసారి కనిపించింది. 1966 జూలై 1న ముసలివాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్, మొదలైంది. ప్రభుత్వ సొమ్ము తీసుకునేవాళ్లు వివక్ష చూపకూడదని 1964 చట్టంలోనే ఉంది. మెడికేర్ డబ్బు కావాలంటే నల్లవాళ్ల వార్డు, తెల్లవాళ్ల వార్డు అని ఉండకూడదు అన్నారు, ఇన్‌స్పెక్టర్లని పంపి చూశారు. దశాబ్దాల తరబడి ఇది మా సంప్రదాయం అంటూ కూర్చున్న దక్షిణాది ఆసుపత్రుల్లో వెయ్యికి పైగా నాలుగు నెలలు తిరక్కుండా గోడలు తీసేశాయి. హక్కుల చట్టం ఒక్కటే ఉండి డబ్బు లేకపోతే కోర్టుల్లో ఇరవై ఏళ్లు పట్టేది. డబ్బు ఒక్కటే ఉండి హక్కు లేకపోతే ఆ డబ్బుతో తెల్ల వార్డుకి ఏసీలు పెట్టుకునేవాళ్లు.

1949 నవంబరు 25న అంబేద్కర్ రాజ్యాంగ సభలో, వచ్చే జనవరి 26 నుంచి మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అన్నాడు. ఆయన హెచ్చరిక మన దేశానికే అనుకుని చదివాను చాలాకాలం.

*

ఇక మా వీధి సంగతి.

ఇల్లు వెతికేటప్పుడు మేము చూసింది ఒక్కటే: ఏ స్కూలు కిందికి వస్తుంది, దాని రేటింగ్ పదికి ఎంత. మా తెలుగువాళ్ల గ్రూపులో ఎవరు ఇల్లు కొంటానన్నా మొదటి ప్రశ్న అదే, రెండోది తూర్పు ముఖమా కాదా. ఎనిమిది రేటింగున్న స్కూలు పరిధిలో ఇల్లు, నాలుగు రేటింగున్న స్కూలు పరిధిలో అదే సైజు ఇల్లు పెట్టి చూస్తే ధరలో తేడా ఎంతుంటుందో కొన్నవాళ్లకి తెలుసు. 1941లో ఆ షరతు చేసిన పనిని ఇప్పుడు ధర చేస్తోంది. దాని మీద ఎవరూ కేసు గెలవలేరు. నేను ఊరికే అనడం లేదు, వేశారు. టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేద పేట, ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్లు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే రేకుల పని చేసే కార్మికుడు, మరికొందరు తల్లిదండ్రులు కలిసి కేసు వేశారు. ఎడ్జ్‌వుడ్ వాళ్లు ఇంటిపన్ను ఎక్కువ రేటుకి కడితే పిల్లవాడికి వచ్చేది 26 డాలర్లు. పక్కనే ఉన్న కలిగినవాళ్ల పేట అలామో హైట్స్‌లో తక్కువ రేటుకి కట్టినా 333 డాలర్లు. 1973లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురిగా చీలి, చదువు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు, పేదరికం జాతి లాంటిది కాదు, ఇందులో మేము చేయగలిగింది లేదు అంది. ఇంటి ధర మీద నిలబడ్డ గోడకి ఆ రోజు కోర్టు ముద్ర పడింది.

ఆ గోడకి ఇటువైపు నేనున్నాను. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో నల్ల కుటుంబాల మధ్యస్థ ఆస్తి 44,900 డాలర్లు, తెల్ల కుటుంబాలది 285,000, ఆసియన్లది 536,000. ఆ చివరి అంకె చూసి మా గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆసియాలో కోట్లమందిలోంచి చదువూ పొలం కాయితాలూ ఉన్నవాళ్లని ఏరి తెచ్చుకుని, ఆ తరవాత చూడండి ఎంత పైకొచ్చారో అనడం జల్లెడ పట్టిన బియ్యాన్ని చూపించి రాళ్లే పండవు మా చేలో అన్నట్టుంది. పౌరహక్కులన్నీ వాడుకుంటూనే, మన దగ్గరికొచ్చేసరికి వద్దంటాం కూడా. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తే మా గ్రూపులో పెళ్లి సంబంధాలు చూసుకునేవాళ్లే కులం ఇక్కడెక్కడుంది అని కోపం తెచ్చుకున్నారు. అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే వెనక్కి పంపితే మిఠాయి బొమ్మలు. థిండ్ గారు ఎక్కడికీ పోలేదు.

నేనేదో వేరుగా ఉన్నానని కాదు. మా ఇంటికి రెండు వారాలకోసారి శుక్రవారం ఒకావిడ వచ్చి ఇల్లు శుభ్రం చేసి వెళ్తుంది. యాభై దాటిన నల్లావిడ. నలభై నిమిషాల దూరం నుంచి వస్తుంది. మొదట్లో ఒకసారి వంటగది కిటికీలోంచి బయటకి చూస్తూ, మా అమ్మమ్మ ఈ వీధిలోనే ఎక్కడో పనిచేసేది, వారమంతా ఇక్కడే ఉండి ఆదివారం ఇంటికొచ్చేది అంది. నాకు ఆ కామా గుర్తొచ్చింది. ఆవిడకి దాని సంగతి చెప్పలేదు. ఏమని చెప్తాను?

1935లో ముసలితనంలో పింఛనిచ్చే సోషల్ సెక్యూరిటీ పెట్టినప్పుడు పొలం పనివాళ్లనీ ఇంటి పనివాళ్లనీ బయటే ఉంచారు. అప్పటి నల్ల కార్మికుల్లో మూడింట రెండు వంతుల దాకా ఆ రెండు పనుల్లోనే ఉన్నారు. చట్టంలో జాతి పేరు మళ్లీ ఎక్కడా లేదు. కనీస వేతనం ఇంటి పనివాళ్లకి 1974 దాకా రాలేదు. యూనియన్ కట్టుకునే హక్కుని కాపాడే 1935 నాటి ఇంకో చట్టం వాళ్లకి ఇవాళ్టికీ వర్తించదు. ఈవిడ అమ్మమ్మని మినహాయించిన మాటలు ఈవిడ దాకా వచ్చి ఉన్నాయి.

2020 మార్చిలో కోవిడ్ అని రావద్దన్నాం. రెండు నెలలు డబ్బు పంపాం. మూడో నెల ఆపేశాం. ఆ నెలలో నా జీతం ఒక్క డాలరు తగ్గలేదు, ఇంట్లో కూర్చుని పనిచేశాను. ఎందుకు ఆపేశామో మా ఆవిడా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పనికొచ్చే ఆవిడా అడగలేదు. మరుసటి ఏడాది మళ్లీ రమ్మంటే వచ్చింది. ఇండియా వెళ్లినప్పుడు కూడా అంతే, మూడు వారాలు రావక్కర్లేదండీ అని మెసేజ్ పెట్టేవాళ్లం, ఆవిడ బొటనవేలు బొమ్మ పెట్టేది. పోయిన డిసెంబరులో ఇండియా వెళ్తూ ఈసారి ఆ శుక్రవారాలకీ డబ్బిచ్చాం. ఎందుకు అంది. నా ఆఫీసులో సెలవు పెడితే నాకు ఇస్తారు కదా అన్నాను. చెప్తున్నప్పుడు నాకు కాస్త గొప్పగానే అనిపించింది, దాచడం ఎందుకు.

ఆవిడ డబ్బు మడిచి జేబులో పెట్టుకుంది. మోకాలికి ఆపరేషను చేయించుకోవాలి అంది. ఇన్నేళ్లూ బీమా లేక నెట్టుకొచ్చింది. 2023 డిసెంబరు 1న ఈ రాష్ట్రం పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ని విస్తరించాక కార్డు వచ్చింది. డాక్టరు ఎనిమిది వారాలు నిలబడి పని చేయకూడదన్నాడట.

"అయితే ఆ ఎనిమిది వారాలకీ ఇలాగే ఇస్తారా?" అని అడిగింది.

నవ్వుతూ అడగలేదు, నిష్ఠూరంగానూ అడగలేదు. సెలవు సంగతి హెచ్చార్‌ని నేను ఎలా అడుగుతానో అలా అడిగింది. మా ఆవిడ నా మొహం చూసింది, నేను గోడ మీద క్యాలెండరు చూశాను. మాట్లాడుకుని చెప్తాం అన్నాం.